రెండిళ్లు చూసిన ఒకే జబ్బు: థైరాయిడ్ మలుపులు

మా పెద్దమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అల్లాహ్ దయవల్ల తల్లీబిడ్డా ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇల్లు చేరారు. నలభై రోజులు గడిచాయి. రెండో నెల నిండేసరికి అమ్మాయిలో ఏదో మార్పు కనిపించసాగింది. టీ కప్పు పట్టుకుంటే చేయి వణికేది. పడుకున్నా గుండె దడదడలాడుతోందనేది. బిడ్డ నిద్రపోయినా తాను నిద్రపోయేది కాదు. కడుపునిండా తినేది, అయినా రోజురోజుకూ చిక్కిపోయేది. డిసెంబరు చలిలో ఇంటిల్లిపాదీ దుప్పట్లు కప్పుకుంటే ఆమె ఫ్యాను వేయమనేది. ఎన్నడూ ఎదురుచెప్పని పిల్ల చిన్న మాటకే తల్లి మీద విరుచుకుపడేది.

"బాలింత, పైగా నిద్ర లేదు" అన్నది ఆమె తల్లి. "నజర్ తగిలింది" అన్నారు మా అక్కగారు. మేమూ కాదనలేదు. దుఆలు చదివి ఊదాం, నీళ్ల మీద చదివి త్రాగించాం. నాలుగో నెలలో దడ తగ్గింది, వణుకు పోయింది, నిద్ర పట్టింది. దుఆ ఫలించిందని సంతోషించి ఐదో నెలలో అత్తవారింటికి పంపాం.

అక్కడ కథ తిరగబడింది. ఉదయం లేవలేకపోయేది. లేచినా గోడకు ఆనుకుని కూర్చునేది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, ఒళ్లు బరువెక్కింది. వేసవి వస్తున్నా చలిగా ఉందనేది. బిడ్డ ఏడుస్తుంటే తానూ ఏడ్చేది. ఒకనాడు వియ్యపురాలు ఫోను చేసి, "భాయీసాబ్, కోడలు రోజంతా పడుకునే ఉంటోంది. పుట్టింట్లో మరీ గారాబం చేసి పంపినట్టున్నారు" అన్నారు. మాకు మనసు చివుక్కుమంది. "మా ఇంట్లో అమ్మాయి ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు, అక్కడే ఏదో మనోవేదన కలిగి ఉంటుంది" అని మేమూ ఘాటుగానే బదులిచ్చాం. రెండు కుటుంబాల మధ్య నెల రోజులు సరైన మాటల్లేవు.

చివరకు అల్లుడు భార్యను ఒక వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాడు. ఆవిడ మొహం చూసి, మెడ తడిమి, నాడి చూసి ఒక ప్రశ్న అడిగారట: "కాన్పు తర్వాత రెండో నెలలో ఎలా ఉండేదానివి?" అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 38 వచ్చింది. పుట్టింట్లో మేము చూసినదీ, అత్తింట్లో వారు చూసినదీ రెండు వేర్వేరు స్వభావాలు కావు, ఒకే జబ్బులోని రెండు దశలని ఆవిడ వివరించారు. మొదటి సగం మాకు కనిపించింది, రెండో సగం వారికి కనిపించింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు.

ఈ విషయాన్ని మా అమ్మాయి అనుమతితోనే వ్రాస్తున్నాం. థైరాయిడ్ మందగించడం గురించీ, ఉద్రేకించడం గురించీ వేరువేరుగా చాలామందికి తెలుసు. ఒకే మనిషిలో అది ఒక పక్క నుంచి మరో పక్కకు మళ్లగలదన్నది మాత్రం తెలిసినవారు తక్కువ. ఆ మలుపును ఇంట్లోవాళ్లు గుర్తించగలిగితే కొన్ని నెలల బాధ తప్పుతుంది, కొన్ని నిందలూ తప్పుతాయి.

ఉస్తాదు గొంతు, పిల్లవాడి గొంతు

థైరాయిడ్ అనేది మెడ ముందు భాగంలో, కంఠానికి కింద, సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకుని ఉండే చిన్న గ్రంథి. మనం తినే ఆహారంలోని అయోడిన్‌ను తీసుకుని అది హార్మోన్లు తయారుచేస్తుంది. వాటిలో ప్రధానమైనవి టీ4, టీ3. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, ఒంట్లో ఎంత వేడి పుట్టాలి, పేగు ఎంత చురుకుగా కదలాలి, తిన్నది ఎంత త్వరగా ఖర్చు కావాలి అన్నవన్నీ ఈ హార్మోన్ల మీద ఆధారపడి ఉంటాయి. అవి తగ్గితే శరీరం మొత్తం మందగిస్తుంది. దాన్ని హైపోథైరాయిడిజం అంటారు. అవి మితిమీరితే శరీరం మొత్తం పరుగు తీస్తుంది. దాన్ని హైపర్‌థైరాయిడిజం అంటారు.

ఇక టీఎస్‌హెచ్ అంటే ఏమిటి? అది థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ. ఎన్నో ఏళ్లుగా మదర్సాలో పాఠం చెబుతున్నవాళ్లం గనుక మాకు తోచిన పోలిక చెబుతాం. పాఠం అప్పజెప్పే పిల్లవాడి గొంతు సన్నగిల్లితే ఉస్తాదు తన గొంతు పెంచుతాడు. పిల్లవాడే అరిచి చదువుతుంటే ఉస్తాదు ఊరుకుంటాడు. పిట్యూటరీ ఉస్తాదు, థైరాయిడ్ పిల్లవాడు. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, థైరాయిడ్ ఉద్రేకిస్తే టీఎస్‌హెచ్ పడిపోతుంది.

మన ఇళ్లలో ఒక పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతోంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ అంకె పెద్దదిగా కనిపిస్తే "నాకు థైరాయిడ్ ఎక్కువగా ఉంది" అంటారు. వాస్తవానికి వారికి థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉందన్నమాట. ఈ మాట పట్టుకుని ఎవరో ఇచ్చిన సలహాతో మాత్ర తగ్గించుకున్నవారిని మేమే చూశాం. కనుక వైద్యునితోగాని, బంధువులతోగాని మాట్లాడేటప్పుడు "ఎక్కువ", "తక్కువ" అని వదిలేయకుండా, ఏది ఎంత ఉందో రిపోర్టు చూసి చెప్పడం మంచిది. పెద్దలలో టీఎస్‌హెచ్ చాలా ల్యాబుల ప్రకారం సుమారు 0.4 నుంచి 4 వరకు ఉండవచ్చు. గర్భిణులకు, వృద్ధులకు లెక్క కొంత వేరుగా ఉంటుంది.

రెండు పక్షాల గుర్తులు

థైరాయిడ్ మందగించినప్పుడు కనిపించేవి ఇవి: ఎంత నిద్రపోయినా తీరని అలసట, చలికి తట్టుకోలేకపోవడం, పొడిబారిన చర్మం, మలబద్ధకం, తిండి పెరగకపోయినా కొంత బరువు పెరగడం, మొహం, కనురెప్పలు ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, నాడి నెమ్మదించడం, మతిమరుపు, దిగులు, స్త్రీలలో ఋతుస్రావం అధికం కావడం.

థైరాయిడ్ ఉద్రేకించినప్పుడు కనిపించేవి ఇవి: గుండెదడ, చేతి వేళ్ల సన్నని వణుకు, వేడికి ఓర్చుకోలేకపోవడం, విపరీతమైన చెమట, తింటున్నా బరువు తగ్గడం, పలుమార్లు విరేచనానికి వెళ్లవలసి రావడం, నిద్రలేమి, ఆందోళన, చికాకు, మెట్లెక్కేటప్పుడు తొడలు పట్టుతప్పడం, ఋతుస్రావం తగ్గిపోవడం.

అయితే ఈ రెండు జాబితాలను గోడకు అంటించుకుంటే సరిపోదు. కొన్ని బాధలు రెంటిలోనూ ఉంటాయి. జుట్టు రాలడం రెండు పక్షాలలోనూ ఉంటుంది. అలసట కూడా అంతే. పరుగెత్తి అలసినవాడూ, లేవలేక అలసినవాడూ "ఓపిక లేదు" అనే ఒక్కమాటే అంటారు. ఉద్రేకం ఉన్నా ఆకలి బాగా పెరిగి బరువు పెరిగేవారు కొందరుంటారు. వృద్ధులలో మరొక చిక్కు ఉంది. వారికి థైరాయిడ్ ఉద్రేకించినా దడ, వణుకు బయటపడకపోవచ్చు. ఊరికే చిక్కిపోయి, ఏ విషయం మీదా ఆసక్తి లేకుండా కూర్చుంటారు. "ముసలితనం" అని ఇల్లు సరిపెట్టుకుంటుంది.

అందువల్ల ఒక్క గుర్తును చూసి నిర్ణయానికి రాకూడదు. ఆ మనిషి మొన్నటివరకు ఎలా ఉండేవారు, ఇప్పుడు ఎటు మళ్లుతున్నారు అన్నది చూడాలి. చలికి ముడుచుకునే మనిషి హఠాత్తుగా కిటికీలు తెరవమంటున్నారా? మలబద్ధకంతో బాధపడినవారు ఇప్పుడు రోజుకు మూడుసార్లు వెళుతున్నారా? దిశ మారిందన్నదే ముఖ్యమైన సంగతి.

ఎందుకు మళ్లుతుంది?

మొదటి మార్గం మా అమ్మాయికి జరిగినది. కాన్పు తర్వాత వచ్చే ఈ థైరాయిడ్ వాపు నూటికి సుమారు ఐదుగురు బాలింతలలో కనిపిస్తుంది. గర్భిణిగా ఉన్నప్పుడు నెమ్మదించిన శరీర రక్షణ వ్యవస్థ కాన్పు తర్వాత తిరిగి విజృంభించి, కొందరిలో సొంత థైరాయిడ్ మీదే దాడి చేస్తుంది. గ్రంథి దెబ్బతిన్నప్పుడు అందులో నిల్వ ఉన్న హార్మోను ఒక్కసారిగా రక్తంలోకి కారిపోతుంది. అది ఉద్రేక దశ, సాధారణంగా కాన్పయిన 1 నుంచి 4 నెలల మధ్య వస్తుంది. నిల్వ అయిపోయాక కొత్తది తయారుచేసే శక్తి గ్రంథికి ఉండదు. అది మాంద్య దశ, సాధారణంగా 4 నుంచి 8 నెలల మధ్య మొదలవుతుంది. కుండ పగిలినప్పుడు ముందు ఇల్లంతా నీళ్లు, తర్వాత త్రాగడానికి చుక్క లేకపోవడం వంటిదే ఇది. చాలామందిలో ఏడాది, ఏడాదిన్నరలోగా గ్రంథి కోలుకుంటుంది. కొందరిలో మాంద్యం శాశ్వతంగా నిలిచిపోతుంది. అందరిలోనూ రెండు దశలూ కనిపించాలని లేదు. కొందరికి మొదటిది మాత్రమే, కొందరికి రెండోది మాత్రమే వస్తుంది.

మన సంప్రదాయంలో తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో అమ్మాయి అత్తవారింటికి వెళుతుంది. జబ్బు దశ మారే కాలమూ, ఇల్లు మారే కాలమూ ఇంచుమించు ఒకటే కావడం గమనించండి. పుట్టింటివారు పంపిన అమ్మాయి వేరు, అత్తింటివారు చూస్తున్న అమ్మాయి వేరు అన్నట్టు ఉంటుంది. కనుక ఈ మాసాలలో వియ్యంకులిద్దరూ ఒకరితో ఒకరు ఆరోపణ లేకుండా మాట్లాడుకోవడం కూడా వైద్యంలో భాగమే.

రెండో మార్గం హషిమోటో జబ్బు. 1912లో జపాన్ వైద్యుడు హకరు హషిమోటో దీనిని వర్ణించాడు గనుక ఆ పేరు వచ్చింది. ఇందులోనూ శరీరం తన గ్రంథిని తానే నెమ్మదిగా దెబ్బతీస్తుంది. చాలామందిలో ఇది మాంద్యానికే దారితీస్తుంది. కాని మొదట్లో కొందరికి హార్మోను కారిపోయి కొన్ని వారాలు దడ, వణుకు రావచ్చు.

మూడో మార్గం గ్రేవ్స్ జబ్బు. ఇందులో గ్రంథి దెబ్బతినకుండానే అదుపు తప్పి అధికంగా తయారుచేస్తుంది. కొందరికి కళ్లు ముందుకు పొడుచుకువస్తాయి. 1835లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ దీన్ని వర్ణించాడు. అయితే ఆయనకు ఏడు శతాబ్దాల ముందే, 12వ శతాబ్దపు వైద్యుడు ఇస్మాయీల్ జుర్జానీ ఫార్సీలో వ్రాసిన 'జఖీరయె ఖ్వారజ్మ్‌షాహీ' అనే వైద్య గ్రంథంలో మెడ వాపుకూ కళ్లు పొడుచుకురావడానికీ ఉన్న సంబంధాన్ని నమోదు చేశాడు. గ్రేవ్స్ జబ్బుకు కార్బిమజోల్ వంటి మాత్రలు వాడతారు. మోతాదు అవసరాన్ని మించితే ఉద్రేకం పోయి మాంద్యం వచ్చేస్తుంది. రేడియో అయోడిన్ చికిత్స తర్వాత, గ్రంథిని శస్త్రచికిత్సతో పూర్తిగా తీసివేసిన తర్వాత కూడా మాంద్యం వస్తుంది. అది వైఫల్యం కాదు, ముందే ఊహించినదే. కాని దాన్ని గుర్తించి థైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టాలి.

నాలుగో మార్గం మన చేతుల మీదుగా జరిగేది. మాంద్యానికి వాడే థైరాక్సిన్ మాత్ర శరీరానికి కావలసినదానికంటే ఎక్కువైతే ఉద్రేకం గుర్తులు వస్తాయి, తక్కువైతే మాంద్యం తిరిగివస్తుంది. బరువు బాగా తగ్గినవారికి, వయసు పైబడినవారికి పాత మోతాదే ఎక్కువ కావచ్చు. గర్భం దాల్చినవారికి పాత మోతాదే చాలకపోవచ్చు. ఏళ్ల తరబడి పరీక్ష లేకుండా ఒకే చీటీ మీద మందుల షాపులో మాత్రలు తెచ్చుకునేవారు దీన్ని ముఖ్యంగా గమనించాలి. మోతాదు ఎక్కువై చాలాకాలం గడిస్తే పెద్దవయసువారిలో గుండె లయ తప్పే ప్రమాదం, ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు పలచబడే ప్రమాదం ఉన్నాయి.

ఇంట్లో ఒక నోటుపుస్తకం

మా అమ్మాయికి వైద్యురాలు 50 మైక్రోగ్రాముల మాత్ర వ్రాసి, దానితోపాటు ఒక పని చెప్పారు. వారానికొకసారి ఒక పేజీలో నాలుగు సంగతులు వ్రాయమన్నారు. ఒకటి, ఉదయం లేవగానే, మంచం దిగకముందే, నిమిషంపాటు లెక్కించిన నాడి. రెండు, బరువు. మూడు, చలి, వేడి, నిద్ర, విరేచనం ఎలా ఉన్నాయి. నాలుగు, మనసు ఎలా ఉంది. ఈ నాలుగో దాన్ని తానొక్కతే కాక ఇంట్లో మరొకరు కూడా వ్రాయాలన్నారు. చికాకుగా ఉన్న మనిషికి తన చికాకు కనిపించదు, లోకమంతా తప్పుగా కనిపిస్తుంది. ఆ నాలుగో గడిని వియ్యపురాలే నింపుతూ వచ్చారు.

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నిమిషం లెక్కిస్తే నాడి తెలుస్తుంది. బొటనవేలితో లెక్కించకూడదు, దానికే నాడి ఉంటుంది. విశ్రాంతిలో పెద్దలకు 60 నుంచి 100 వరకు మామూలే. కాని ఎప్పుడూ 72 ఉండే మనిషికి పదిరోజులుగా 95 వస్తుంటే, అది హద్దులోనే ఉన్నా వైద్యునికి చెప్పవలసిన సంగతే.

మాత్ర మొదలైన రెండు నెలలకు మొహం వాపు తగ్గింది. బిడ్డను ఎత్తుకుని నవ్వింది. రెండిళ్లలోనూ మనసులు తేలికపడ్డాయి. జబ్బు మాత్రం ఇంకొకసారి మళ్లింది. బిడ్డకు పధ్నాలుగో నెలలో నోటుపుస్తకంలో నాడి 74 నుంచి 82కు, 82 నుంచి 96కు పెరిగింది. బరువు రెండు కిలోలు తగ్గింది. నాలుగో గడిలో వియ్యపురాలు, "ఈ వారం రెండుసార్లు పసివాడి మీద అరిచింది, తర్వాత ఏడ్చింది" అని వ్రాశారు. ఈసారి ఎవరూ నజర్ అనలేదు, పొగరు అనలేదు. మూడు నెలల క్రితం అయితే అమ్మాయికే తోచేది కాదు, ఇప్పుడు తానే "అబ్బా, మొదటిసారి వచ్చినట్టే వస్తోంది, పరీక్ష చేయించుకుంటాను" అన్నది. టీఎస్‌హెచ్ 0.1కి పడిపోయింది. గ్రంథి కోలుకుని తన పని తాను చేస్తోంది, దానిపైన మాత్ర కూడా పడుతోంది. వైద్యురాలు మాత్రను దశలవారీగా తగ్గించి ఆపారు. ఇప్పుడు ఏడాదికొకసారి పరీక్ష చేయించుకుంటోంది. ఇటువంటి జబ్బు వచ్చిపోయినవారికి తర్వాతి ఏళ్లలో శాశ్వత మాంద్యం వచ్చే అవకాశమూ, మరుసటి కాన్పు తర్వాత మళ్లీ ఇదే జరిగే అవకాశమూ ఉన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మలుపును గుర్తించడం మన పని, మోతాదు మార్చడం వైద్యుని పని. దడ వచ్చిందని మాత్ర మానేయడం, నీరసంగా ఉందని రెండు వేసుకోవడం రెండూ ప్రమాదమే. దడ రక్తహీనత వల్ల కావచ్చు, నీరసం మధుమేహం వల్ల కావచ్చు. అంతేకాదు, కాన్పు తర్వాతి ఉద్రేక దశలో గ్రంథి కొత్తగా ఎక్కువ తయారుచేయడం లేదు, నిల్వ కారిపోతోంది. కనుక గ్రేవ్స్ జబ్బుకిచ్చే మాత్రలు దానికి పనిచేయవు. దడ ఎక్కువగా ఉంటే దాన్ని తగ్గించే మందు కొద్దికాలం ఇస్తారు. ఏది ఏదో తేల్చడానికి యాంటీబాడీ పరీక్షలు ఉన్నాయి.

పరీక్షలోనూ, మాత్రలోనూ జాగ్రత్తలు

థైరాక్సిన్ శరీరంలో నెమ్మదిగా చేరుతుంది, నెమ్మదిగా పోతుంది. వేసుకున్నదానిలో సగం ఖర్చు కావడానికే సుమారు వారం పడుతుంది. అందుకే మోతాదు మార్చిన తర్వాత 6 నుంచి 8 వారాలకు పరీక్ష చేస్తారు. మరునాడే మార్పు కనిపించలేదని తొందరపడకూడదు. దశ మారుతున్న రోజుల్లో టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే మోసపోవచ్చు. పిల్లవాడి గొంతు తగ్గిపోయినా ఉస్తాదు కొన్నాళ్లు పాత అలవాటులో మౌనంగానే ఉంటాడు. కనుక ఫ్రీ టీ4 కూడా చేయించమని వైద్యులు చెబుతారు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునే ఆడపిల్లలు పరీక్షకు ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి. బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని యంత్రాలు టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపి, లేని ఉద్రేకాన్ని ఉన్నట్టు చూపిస్తాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపమంటారు.

మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంటవరకు ఏమీ తినకుండా ఉండాలి. టీ, కాఫీలతో కలిపి వేసుకోకూడదు. బాలింతలకు ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు థైరాక్సిన్‌ను ఒంటికి పట్టనివ్వవు. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అన్నీ ఒకే డబ్బాలో పెట్టి ఒకేసారి మింగడం మన ఇళ్లలో మామూలు. మోతాదు సరిపోవడం లేదని పెంచుకుంటూపోయే ముందు ఈ ఒక్కటి సరిచూసుకోవాలి. మాత్రల డబ్బాను పొయ్యి పక్కన, ఎండ తగిలేచోట ఉంచకూడదు.

రమజాన్ నెలలో ఏటా ఒక దృశ్యం చూస్తున్నాం. సహరీ హడావుడిలో కొందరు మాత్రను చాయ్‌తో కలిపి మింగుతారు, కొందరు నెలంతా మానేస్తారు. మందు నెమ్మదిగా ఖర్చవుతుంది గనుక మొదటివారం ఏమీ తెలియదు. ఈద్ దగ్గరపడేసరికి మాంద్యం మొదలవుతుంది. అది ఉపవాసాల బడలిక అనుకుంటారు. దీనికి రెండు దారులున్నాయి. సహరీకి అరగంట ముందే లేచి మాత్ర వేసుకోవడం ఒకటి. రాత్రి చివరి ఆహారం తిన్న మూడు నాలుగు గంటల తర్వాత పడుకునే ముందు వేసుకోవడం మరొకటి. ఏది తమకు అనువో వైద్యునితో ముందే, అంటే షాబాన్ నెలలోనే మాట్లాడుకోవడం మేలు. మాంద్యం అదుపులో ఉన్నవారు చాలామంది ఉపవాసం పాటించగలుగుతారు. ఉద్రేకం అదుపులో లేనివారి సంగతి వేరు, వారికి నీటి కొరత కీడు చేస్తుంది. రోగులకు తర్వాతి రోజుల్లో లెక్క పూర్తిచేసుకునే సడలింపు దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖర సూరాలోనే ఉంది. ఆ సడలింపును స్వీకరించడం భక్తిలో లోపం కాదు.

వెంటనే ఆసుపత్రికి

కొన్ని సందర్భాలలో నోటుపుస్తకం చూసుకుంటూ కూర్చోకూడదు. ఉద్రేకం ఉన్నవారికి తీవ్రమైన జ్వరం, ఆగని దడ, వాంతులు విరేచనాలు, మాట తడబడటం, కలవరింత వస్తే అది ప్రాణాపాయం. మాంద్యం ఉన్నవారు లేపినా లేవనంత మత్తులో ఉండి, ఒళ్లు చల్లబడి, ఊపిరి నెమ్మదిస్తే అదీ ప్రాణాపాయమే. కార్బిమజోల్ వంటి మాత్రలు వాడేవారికి జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే, మాత్ర ఆపి ఆ రోజే రక్తకణాల పరీక్ష చేయించాలి. ఆ మందు అరుదుగా తెల్లకణాలను పడగొడుతుంది. బాలింత తనకు తాను గాని, బిడ్డకు గాని హాని చేసుకుంటానన్న మాట ఒక్కసారి అన్నా దాన్ని తేలికగా తీసుకోకూడదు.

మేము నేర్చుకున్నది

నజర్ ఉన్నదనే మేము నమ్ముతాం, దుఆ చదవడం మానలేదు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి కూడా మేమే పిల్లలకు పాఠంగా చెబుతాం. అయినా మా బిడ్డ విషయంలో మొదటి సగం మాత్రమే ఆచరించాం. దడ తానుగా తగ్గే కాలం రాగానే తగ్గింది, మేము దాన్ని ముగింపు అనుకున్నాం. ఆనాడే ఒక రక్తపరీక్ష చేయించి ఉంటే, ఆమె మూడు నెలలు సోమరి అనిపించుకునేది కాదు. ఇప్పుడు మా దగ్గరకు ఎవరైనా కోడలినో కూతురినో తీసుకువచ్చి చదివి ఊదమంటే, చదువుతాం. ఆ వెంటనే "కాన్పయి ఎన్ని నెలలైంది? ముందు ఎలా ఉండేది? రక్తపరీక్ష చేయించారా?" అని అడుగుతాం.

ఒక మనిషికి "కోపిష్ఠి" అనో, "సోమరి" అనో పేరు పెట్టడం సులువు. ఆ పేరు ఇంట్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. మా అమ్మాయికి ఒకే ఏడాదిలో ఆ రెండు పేర్లూ వచ్చాయి, రెండూ అబద్ధమే. తెలియకుండా చేసినదైనా అది అన్యాయమేనని మేము ఆమె ముందు ఒప్పుకున్నాం. వియ్యపురాలూ ఒప్పుకున్నారు. ఆ నోటుపుస్తకం నేటికీ వారి ఇంట్లో బీరువా పైన ఉంది. రెండో కోడలి కాన్పు దగ్గరపడుతోందని తెలిసి, మొన్న వియ్యపురాలే ఫోను చేసి, "భాయీసాబ్, ఈసారి కాన్పయిన రెండో నెల నుంచే వ్రాయడం మొదలుపెడతాం. ఆ అమ్మాయి పుట్టింటివాళ్లకు కూడా ఒక పుస్తకం పంపుతున్నాను" అన్నారు.

రోగాన్ని రోగంగా గుర్తించే చూపునూ, రోగిని నిందించని నాలుకనూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.